పాకే గదిలో నిశ్శబ్దం

నా చేతుల్లో ఏడ్చిన పిల్ల ఇంతవరకు పుట్టలేదు. బట్టల ఫ్యాక్టరీ వెనక ఉన్న పిల్లల సెంటర్లో టీచరుగా చేరిన రోజునే ఈ మాట అందరికీ చెప్పాను. చెప్పి నోరు మూయకముందే చంకలో ఒకడు, కాళ్ల దగ్గర ముగ్గురు, కిటికీ ఊచలు పట్టుకుని ఇద్దరు, తప్పటడుగుల గది మొత్తం ఒక్క గొంతుతో ఏడ్చింది. ఆ ఏడుపుకి వీధి చివర సెలూన్లో కత్తి పట్టుకున్నవాడు ఉలిక్కిపడి ఒకాయన మీసం సగం తీసేశాడని జనం చెప్పుకుంటారు. జనం అంటే ఎక్కువగా నేనే.

అప్పుడు పక్క గది తలుపు తెరుచుకుని దూదక్క వచ్చింది. ఆమె నోటి నుంచి ఒక్క మెత్తని మాట రాదు, అందుకే ఎగతాళికి ఆ పేరు. పాకే గదికి, అంటే ఇంకా నడక రాని పసిపిల్లల గదికి, ఆమే టీచరు. వచ్చి నా చంకలో ఉన్నవాడి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏరా, ఎత్తుకుంటున్నా. సిద్ధమా? కోపమొస్తే తర్వాత తిట్టుకుందువుగాని."

వాడు ఆమె వైపు ఒరిగాడు. ఏడుపు ఆగింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఆపేశారు, లోపల ఏదో తీర్మానం చేసుకున్నట్టు.

"నీ చేతుల్లో ఏడ్చిన పిల్ల పుట్టలేదన్నావట" అంది నాతో. "ఈళ్లందరూ పుట్టకుండానే వచ్చారా మరి?"

ఆ రోజు నుంచి నాకు కుళ్లు పట్టుకుంది. మామూలు కుళ్లు కాదు. దానికి వైరు తగిలిస్తే ఫ్యాక్టరీ మిషన్లన్నీ రెండు షిఫ్టులు నడిచేవి.

ఇక్కడ మా ఉద్యోగాల సంగతి చెప్పాలి. సెంటర్ ఫ్యాక్టరీది, నడిపేది కాంట్రాక్టరు. అతన్ని మేం చెవుల సారు అంటాం. గదిలోకి రాడు, తలుపుకి చెవి ఆనించి వింటాడు. లోపల చప్పుడు లేకపోతే టీచరు మంచిది, ఉంటే చెడ్డది. అతని లెక్క అంతే. నన్ను పనిలోకి తీసుకునేముందు చాలా కఠినమైన ఇంటర్వ్యూ చేశాడు. "రేపట్నుంచి వస్తావా?" అన్నాడు. "ఈరోజే ఉంటా సార్" అన్నాను. అర్హత మరీ ఎక్కువైపోయిందేమోనని భయపడ్డాను కూడా.

నాకు ముందు ఆ గదిలో ఎంతమంది వచ్చి పోయారో పిల్లల నోటే తెలిసేది. వాళ్లు ఏ టీచర్నీ పేరు పెట్టి పిలవరు. అందరినీ "కొత్తా" అంటారు. "కొత్తా, ఉచ్చ." "కొత్తా, వీడు కొరికాడు." రెండేళ్ల పిల్లలకి లోకంలో పెద్దవాళ్లందరూ కొత్తవాళ్లే. పేరు నేర్చుకునేలోపు మనిషి మారిపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. దూదక్క ఒక్కతే ఏళ్ల తరబడి కదలకుండా ఉంది.

మా వదిన, అంటే మా అన్న భార్య, ఆ ఫ్యాక్టరీలోనే చొక్కాలకి కాలర్లు కుడుతుంది. ఆమె కూతురు పాకే గదిలో ఉండేది. ఎత్తుకుంటే ఎటు వీలైతే అటు ఒరిగిపోతుందని దాన్ని మూట అంటాం. ఇంట్లో మూట నాదే. నా జుట్టు పీకుతుంది, నా ముక్కు చప్పరిస్తుంది. సెంటర్ గేటు దాటి దూదక్క కనబడిందా, సొంత మేనత్తని గోడ కింద జమకట్టి రెండు చేతులూ అటు చాస్తుంది.

ఇదే అనుకుంటే, ఒక సాయంత్రం వదిన పిల్లని తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. మూట దూదక్క మోకాలు పట్టుకుని లేచి, ఆమె మొహంలోకి చూసి, "అమ్మ" అంది. అదే దాని మొదటి మాట.

దూదక్క కంగారుపడి, "ఏయ్, నేను కాదే, అదిగో అమ్మ" అని దాన్ని తిప్పింది. వదిన గుమ్మం దాటి వచ్చింది. పిల్లని తీసుకుని ఇంటిదాకా నడిచింది. ఆ రాత్రి అన్నం మెతుకు ముట్టలేదు. మా అన్న ఏమైందని అడిగితే, "ఏం కాలేదు, నీ కూతురికి మాటొచ్చింది" అంది.

ఇంతలో దూదక్క వాళ్లమ్మకి కంటి ఆపరేషన్ వచ్చింది. సెలవడిగింది. చెవుల సారు ఇవ్వనన్నాడు. "ఇవ్వకపోయినా రాను" అని వెళ్లిపోయింది. ఆమె లేని ఆ కొద్ది రోజుల్లో పాకే గదిలో ఒక్క పిల్ల సీసా పట్టలేదు. తల్లులు మిషన్లు వదిలేసి పరుగులు పెట్టారు. చొక్కాలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ మేనేజరు చెవుల సారుని పిలిచి నలుగురిలో కడిగేశాడు.

తెలివున్నవాడైతే, మంచి టీచరుకి సెలవివ్వాలి, పక్కన ఇంకొకళ్లని అలవాటు చెయ్యాలి అనుకుంటాడు. ఇతను వేరేలా అనుకున్నాడు. మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పాడు.

"పిల్లలు ఎవరికి అలవాటైతే వాళ్ల చేతికి నా తాళాలిచ్చినట్టే. ఇకనుంచి వారం వారం గదులు మారతారు. ఎవరికీ ఏ పిల్లా అలవాటు కాకూడదు."

"పసిపిల్లలు సార్" అంది దూదక్క. "మొహం గుర్తుపట్టి పాలు తాగుతారు. మేం టీచర్లం, మాకు తెలుసు."

"టీచర్లా? పలకుందా, బలపముందా? పిల్లల్ని పట్టుకునేవాళ్లు మీరు. పట్టుకోడానికి ఎవరైతేనేం." జేబులో చేతులు పెట్టుకుని మా అందరినీ చూశాడు. "ఏ గది నిశ్శబ్దంగా ఉంటే ఆ టీచరుకి కుర్చీ."

మేం అందరం నేల మీదే కూర్చుంటాం. కుర్చీ అనగానే మా నలుగురి కళ్లూ ఎలా మెరిశాయో చెప్పడానికి సిగ్గేస్తోంది. పాకే పిల్లల దగ్గర కుర్చీ ఎందుకూ పనికిరాదు, ఒళ్లోకి ఎక్కలేరు. అయినా పక్కదానికి వస్తుందేమోనని ప్రాణం గిలగిల్లాడింది.

మొదటి మార్పుకే నాకు పాకే గది పడింది, దూదక్కని నా గదికి పంపారు. నేను లోపలికి అడుగుపెట్టగానే తొమ్మిది నోళ్లు తెరుచుకున్నాయి. మూట అందరికంటే ముందు. నేను పాట పాడాను, ఏడుపు పెరిగింది. కోతిలా గెంతాను, ఏడుపుకి తాళం కుదిరింది. అప్పుడు మేకుకి వేలాడుతున్న దూదక్క శాలువా కనబడింది. ఆమె మోకాళ్లకి నొప్పుల మందు రాసుకుంటుంది. ఆ మందూ పాలూ కలిసిన వాసన ఆ శాలువా పోగు పోగుకీ ఎక్కి ఉంది. నాకు అల్లరి బుద్ధి పుట్టింది. శాలువా తల మీదుగా కప్పుకుని, గొంతు బరువు చేసి, "ఏరా, ఎత్తుకుంటున్నా, సిద్ధమా?" అన్నాను.

పిల్లలు ముక్కులు ఎగబీల్చారు. ఒకడు పాక్కుంటూ వచ్చి నా తొడ మీద మొహం పెట్టాడు. మూట వచ్చింది. శాలువా అంచు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

తలుపవతల చెవుల సారు చెవి నిండా నిశ్శబ్దం నింపుకున్నాడు.

మర్నాడే కుర్చీ వచ్చింది. ఆ వారమంతా ఆ శాలువాతోనే గడిపాను. దూదక్క శాలువా ఏదని అడిగితే, చాకలి మూటలో పోయుంటుందన్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరెస్టు మీద కూర్చున్నట్టుండేది, అంతే చలిగానూ ఉండేది.

వారం చివర్లో చెవుల సారు షిఫ్టు వదిలే వేళకి తల్లుల్ని గేటు దగ్గర ఆపాడు.

"అమ్మా, మీ మంచికే చెబుతున్నా. మీరు నవమాసాలు మోసి కంటే, పిల్లలు ఇక్కడ ఇంకొకామెని అమ్మ అంటున్నారు. ఆమె కావాలనే మరిగించుకుంది. రేపు సెలవంటుంది, ఎల్లుండి జీతం పెంచమంటుంది, మీ పిల్లల్ని అడ్డం పెట్టుకుని. ఆమె లేకపోయినా పిల్లలు హాయిగా ఉన్నారు, ఈ అమ్మాయి వారంలో చేసి చూపించింది. ఆమె వద్దనుకునేవాళ్లు చేతులెత్తండి."

ముందు ఒక్క చెయ్యి లేచింది. మా వదినది. మిషన్ దగ్గర కూర్చుని కూర్చుని వంగిపోయిన ఆ భుజం అంత ఎత్తుకి లేవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఒకటి, ఇంకొకటి, అలా గేటంతా చేతులే. దూదక్క తలుపు దగ్గర నిలబడి ఎవరెవరు ఎత్తారో చూసింది. నా వైపు చూడలేదు. నేను చెయ్యి ఎత్తలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నోరు కూడా ఎత్తలేదు.

దూదక్క వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతా ఇద్దరు టీచర్లనీ పంపేసి, రోజుకూలీకి కొత్త అమ్మాయిల్ని తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ఒక పిల్లాడు శాలువా మీద పాలు కక్కాడు. నేను దాన్ని ఉతికాను. జన్మలో నేను చేసిన ఒకే ఒక శుభ్రమైన పని అది, దాంతోనే మునిగాను. ఆరేసి కప్పుకుంటే సబ్బు వాసన. పిల్లలు నా మొహం చూశారు. ఇన్నాళ్లూ దొంగని ఒళ్లో పెట్టుకున్నామని వాళ్లకి అప్పుడు తెలిసింది.

ఇక గదులు మారాయి, మనుషులు మారారు. ఒక కొత్త అమ్మాయి పొద్దున వచ్చి మధ్యాహ్నానికి చెప్పులు కూడా వదిలేసి పోయింది. ఇంకొకామె ఇద్దరు పిల్లలకి ఒకే సీసా పట్టింది, ఎవరు తాగారో ఎవరు తాగలేదో ఆమెకి చెప్పేవాళ్లు లేరు. తప్పు ఆమెది కాదు. ఆమెని కూడా "రేపట్నుంచి వస్తావా" అనే అడిగారు. పిల్లలు ఏడ్చారు, ఏడ్చారు. తర్వాత ఆపేశారు.

చెవుల సారు తలుపుకి చెవి ఆనించి, తల ఊపి వెళ్లిపోయాడు.

ఒకరోజు అన్నాల వేళ వదిన గేటు తోసుకుని వచ్చింది. పాకే గదిలో పిల్లలు మెలకువగా ఉన్నారు. ఎవరూ పాకడం లేదు. మూట గోడ వైపు తిరిగి కూర్చుని నేల మీద గీత ఒకటి వేలితో గీరుతోంది. వదిన పిలిచింది. అది తిరగలేదు. ఎత్తుకుంది. అది ఒరగలేదు, ఏడవలేదు, జుట్టు పీకలేదు.

"ఇదేంటి ఇలా ఉంది?" అంది వదిన.

"బుద్ధిగా ఉంటోంది వదినా" అన్నాను.

"బుద్ధి కాదు. పిలిచి పిలిచి ఎవరూ రారని మానేసింది." వదిన గొంతు పైకి లేవలేదు. "నేను అమ్మ అనిపించుకుందామని చెయ్యెత్తాను. ఇప్పుడు ఎవర్నీ అనడం లేదు."

ఆమె ఆ సాయంత్రమే కాలర్ల లైను వాళ్లని, బొత్తాల వాళ్లని, ఇస్త్రీ వాళ్లని సైకిల్ షెడ్డులోకి పోగేసింది. పనిపోయిన టీచర్లని పిలిపించింది. దూదక్క అప్పటికి ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. చేతులు తడిగానే వచ్చింది. వచ్చి కూర్చోలేదు.

"ఎందుకు పిలిచారు? చేతులు మళ్లీ దురద పెడుతున్నాయా?" అంది.

"తిట్టు. పడతాం" అంది ఒకామె.

"తిట్టడానికి నాకు గిన్నెలున్నాయి."

వదిన లేచింది. "నా బిడ్డ నిన్ను అమ్మ అంది. నాకు ఒళ్లు మండింది. మండదా? నేను దానికోసం కాలర్లు కుట్టుకుంటూ కూర్చుంటే దాని మొదటి మాట నీకు పోయింది."

"పోయింది" అంది దూదక్క. "నాకేం మిగిలింది? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా ఒళ్లో ఉంటుంది. నీ అడుగుల చప్పుడు వినబడితే చాలు, నన్ను తన్ని మరీ నీ మీదికి దూకుతుంది. ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్క పిల్ల, వెళ్లేప్పుడు వెనక్కి తిరిగి చూడదు. నువ్వొచ్చే వేళకి నీ మీద నాకూ మంటే. రోజూ మంటే."

బొత్తాల ఆమె, "నాకు వేళకి ఇంటికెళ్లే మా అత్తని చూస్తే మంట" అంది. ఒక టీచరు, "నాకు కుర్చీ వచ్చిన దాన్ని చూస్తే" అంది. అందరూ నా వైపు తిరిగారు. నేను నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను.

"సరే" అంది దూదక్క, ఇప్పుడు కూర్చుంటూ. "నేను నిన్ను చూసి ఏడుస్తా, నువ్వు నన్ను చూసి ఏడుస్తావు, మనిద్దర్నీ చూసి ఇది ఏడుస్తుంది. ఆ కాంట్రాక్టరు ఎవర్ని చూసి ఏడుస్తున్నాడో చెప్పండి."

ఎవరైనా చెప్పేలోపే ఆమే అందుకుంది.

"వాడికి సుఖంగా నిద్రపడుతోంది. మన కుళ్లే వాడికి కాపలా."

వాదనలు చాలాసేపు నడిచాయి. అరుపులూ నడిచాయి. "పనిపోతే ఎవడు పెడతాడు" అని కొందరు. "పిల్ల పోతే ఎవడు పెడతాడు" అని వదిన. చివరికి నాలుగు మాటలు ఖాయం చేశారు. పోయిన టీచర్లు తిరిగి రావాలి, పర్మినెంటుగా. ఒక పిల్లకి ఒకే టీచరు, గదుల మార్పిడి లేదు. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్ల పక్కన కూర్చుని పిల్లలకి అలవాటయ్యాకే ఒంటరిగా చూడాలి. టీచర్ని తీసుకునేటప్పుడు తల్లుల మాట ఉండాలి. ఇవి ఒప్పుకునేదాకా ఒక్క పిల్లని కూడా సెంటర్లో వదలరు. నేను అందరికంటే గట్టిగా నినాదాలిచ్చాను. నా గొంతుకి షెడ్డు రేకులు రెండు లేచిపోయాయి. నా గుండెలో మాత్రం ఉతికిన శాలువా ఒకటి తడిగా వేలాడుతోంది.

మర్నాడు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని సెంటర్ గేటు దాటి తిన్నగా కుట్టు హాల్లోకి నడిచారు. మేం టీచర్లం వాళ్ల వెంట. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. వదిన మూటని అతని చేతికిచ్చి, "ఒక్క నిమిషం పట్టుకో అన్నా" అంది. పిల్లని పట్టుకున్న మనిషి ఎవర్ని తొయ్యగలడు. అందరం లోపలికి వెళ్లాక వెనకే పిల్లని మోసుకుంటూ వచ్చాడు.

మిషన్ల మధ్య పిల్లలు. గుడ్డముక్కల కుప్ప మీద పిల్లలు. కత్తెర్లన్నీ పైన అటక మీదికి పోయాయి. ఒక్క మిషనూ తిరగలేదు. ఎప్పుడూ మోగే హాల్లో తల్లులు లాలించే గొంతులూ, పిల్లల కూతలూ వినబడ్డాయి. ఏడుపు కూడా ఉంది, మంచి ఏడుపు, ఎవరైనా వస్తారని నమ్మకమున్న ఏడుపు.

మేనేజరు వచ్చాడు, చెవుల సారుతో. రోడ్డు మీద పోలీసు బండి ఆగిన చప్పుడైంది.

"ఈమె లేకపోతే పిల్లలు బతకరా?" అన్నాడు చెవుల సారు దూదక్కని చూపించి. "అబద్ధం సార్. ఇదంతా యూనియన్ నాటకం. నా దగ్గర రుజువుంది." వేలు నా మీదికి తిప్పాడు. "ఈ అమ్మాయి. అనుభవం లేదు, ఏమీ లేదు. పాకే గదిలో వారం పాటు తొమ్మిదిమందిని చూసింది. చీమ చిటుక్కుమనలేదు. కొత్తవాళ్లయినా ఎవరైనా చెయ్యగలరు. చెప్పమ్మా. నిన్నే సెంటర్ మొత్తానికి హెడ్ చేస్తున్నా. చెప్పు, చేశావా లేదా?"

హాలంతా నా వైపు తిరిగింది. మేనేజరు కూడా. తల్లుల్లో కొందరి మొహాల్లో అనుమానం మొదలైంది, ఔను, ఆ వారం బాగానే ఉన్నారు కదా అని. మొత్తం ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది. ఔనంటే దూదక్క గిన్నెల దగ్గరికి, తల్లులు మిషన్ల దగ్గరికి, నేను హెడ్ కుర్చీకి.

"చూశాను సార్" అన్నాను. నోరు అలవాటు ప్రకారం పోయింది. "ఏదో, చేతి చలవ."

"ఏ చేతిది?" అంది వదిన.

ఆమె మిషన్ ముందు నుంచి లేచి నా ఎదురుగా వచ్చింది.

"ఆ వారం రోజూ నువ్వు ఇంటికొస్తే నీ మెడ దగ్గర మందు వాసన. మోకాళ్ల మందు. నీకు మోకాళ్ల నొప్పులు ఎప్పట్నుంచి? ఆ వాసన నాకు తెలీదనుకున్నావా అమ్మాయ్? సాయంత్రం నా బిడ్డ మెడలో అదే వాసనుండేది. అది పోవాలని, నా వాసన రావాలని, రోజూ రుద్ది రుద్ది స్నానం చేయించేదాన్ని. ఈ ఊళ్లో ఆ వాసన నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఏం చేశావు చెప్పు."

కోతలు కోయడంలో నాకు సాటి లేదు. అప్పటికప్పుడు ఆరు కథలు తయారయ్యాయి. దూదక్క నన్నే చూస్తోంది. కోపంగా కాదు, ఇంతకీ ఇది ఏమంటుందో అన్నట్టు. ఆరు కథలూ గొంతులోనే ఆరిపోయాయి.

"అక్క శాలువా కప్పుకున్నాను" అన్నాను.

"గట్టిగా చెప్పు" అన్నారు వెనకాల.

"అక్క శాలువా దొంగతనంగా కప్పుకున్నాను. ఆమె గొంతులా మాట్లాడాను. పిల్లలు నా దగ్గర ఊరుకోలేదు, ఆమె దగ్గరే ఊరుకున్నారు. వారం పాటు ఆ గదిలో ఉన్నది ఆమే. నేను శాలువా తగిలించిన మేకుని. శాలువా ఉతికాక ఒక్క పిల్ల కూడా నా దగ్గరికి రాలేదు. సార్ తలుపు తీసి చూసుంటే అప్పుడే తెలిసేది. చెవితో చూశారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చెవుల సారు, "ఎవరు నేర్పారు నీకు ఈ మాటలు?" అన్నాడు. గుమ్మంలో పోలీసులు నిలబడి ఉన్నారు.

"ఎవరూ నేర్పలేదు సార్. అదే నా గొడవ. ఒక్కరంటే ఒక్కరు ఏదీ నేర్పకుండానే నన్ను పిల్లల మధ్య పడేశారు. నాకు ఈ పని రాదు. నేర్చుకోవాలనుంది. నేర్పే మనిషిని మీరు గిన్నెలు తోమడానికి పంపారు. ఆమెంటే నాకు కుళ్లు. ఇప్పటికీ ఉంది, ఈ నిమిషంలో కూడా ఉంది, చూడండి, ఇద్దరు ఆమె ఒళ్లో, ఒకడు భుజం మీద. అక్కని పనిలోంచి తీయించింది నా కుళ్లు, మీ లెక్క, రెండూ కలిసి. నా సగం నేను ఒప్పుకున్నాను." నేల మీద, కాలర్ల కుప్ప పక్కన, వదిన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "మీ సగం మీరు ఒప్పుకునేదాకా ఈ మిషన్లు తిరగవు."